చెట్ల కట్టులో నడిచేవాళ్ళు

టిల్లీ ఫిష్టర్‌కి భయమంటే తెలియదని మా డకోటా పడమటి వైపు అందరూ అనేవాళ్ళు. ఆ మాట వట్టిదేమీ కాదు. రంకెలేసే కోడెని కర్రతో ముక్కు మీద కొట్టి వెనక్కి పంపిన మనిషి. మంచు తుఫానులో కంటికి చెయ్యి కనపడకపోతే, నడుముకి తాడు కట్టుకుని కొట్టం దాకా వెళ్ళి దూడలకి పాలు పట్టి వచ్చింది. మెట్ల కింద తోకతో గలగలమనిపించే గిలక పాము కనపడితే, చదువుతున్న ప్రార్థన ఆపకుండానే పారతో రెండు ముక్కలు చేసి మిగతా ప్రార్థన పూర్తి చేసిందని ఆమె మొగుడు అలోయిస్ చెప్పేవాడు. అలోయిస్ కాస్త పెంచి చెప్పే రకమే గానీ పాము మాత్రం నిజం.

ఆ ఇంట్లో భయస్థుడంటే అలోయిసే. దీని మీద ఇద్దరికీ జీవితమంతా హాస్యాలు నడిచాయి. ఉరిమితే ఆకాశం వైపు కాకుండా భార్య వైపు చూస్తాడని టిల్లీ నలుగురిలో దెప్పేది. "ఉరుము ఆకాశంలోంచే వచ్చిందని నమ్మకమేంటి?" అనేవాడు అతను.

వాళ్ళకున్న భూమి కొంచెం. అది కూడా ఎత్తు మీద, నీళ్ళు లేని చోట. ఆవులు బతికేది పక్కనున్న గేలెన్ రూడ్ భూమి మీద. అందులో ఎండాకాలంలో కూడా ఎండని ఊట ఉంది, దాని చుట్టూ మంచి గడ్డి ఉంది. గేలెన్, టిల్లీ ఒకే బడిలో చదువుకున్నారు. ఒకే గదిలో ఎనిమిది తరగతులు నడిచే బడి, కాబట్టి పోట్లాటలు కూడా కలిసే నేర్చుకున్నారు. పెళ్ళయ్యాక గేలెన్ అరిజోనా వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న పోయాక భూమి అతని పేరు మీదికి వచ్చింది. అమ్మలేదు. ఎందుకంటే అతనికి వేట కావాలి.

మా దగ్గర జింకల వేటకి సర్కారు చీటీ లేనిదే తుపాకి ఎత్తకూడదు. బయటి రాష్ట్రంలో కాపురం ఉండేవాడికి ఆ చీటీ రావడం అదృష్టం మీద పని. ఏళ్ళ తరబడి కాచుకున్నా వస్తుందని లేదు. కానీ ఇక్కడ సొంత భూమి ఉంటే ఒక దారి ఉంది. తన భూమి మీద, తన కంచె లోపల, తన చేత్తో ఒక జింకని కొట్టుకోవచ్చు. గేలెన్‌కి ఆ భూమి మీద వచ్చే ఆదాయం లెక్కలోది కాదు. ఏడాదికి ఒకసారి నవంబరులో వచ్చి, తాత నాటిన చెట్ల కట్టు చివర కూర్చుని ఒక జింకని కొట్టుకుంటే, మిగతా పదకొండు నెలలు అక్కడి ఎడారిలో దాన్ని తలుచుకుంటూ బతుకుతాడు. జింక పడ్డ సాయంత్రం టిల్లీ వంటింట్లో పిండిముద్దల సూప్ తాగుతూ, "ఊట మీదే, ఇంకో ఏడాది" అంటాడు. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. ఫిష్టర్ల ఆవులు ఆ ఒక్క మాట మీద నీళ్ళు తాగేవి.

జింక పడాలంటే దాన్ని ఎవరో ఒకరు తోలాలి. ఆ చెట్ల కట్టు గాలికి అడ్డంగా వేసింది. పడమట నుంచి తూర్పుకి పొడుగ్గా, మనిషి దూరితే బయటికి కనపడనంత ఒత్తుగా ఉంటుంది. పగలు జింకలు అందులోనే పడుకుంటాయి. కొట్టేవాడు తూర్పు చివర బయట మాటు వేసి కూర్చుంటాడు. తోలేవాళ్ళు పడమట దూరి, కర్రతో మానుల మీద తడుతూ నెమ్మదిగా నడుస్తారు. ఆ చప్పుడికి జింకలు లేచి ముందుకి పోయి, చివర్న కోతకోసిన చేలోకి దూకుతాయి. అవి చేలో పడి చెట్లు వెనకబడ్డాకే తుపాకి పేలాలి. చెట్ల వైపు గొట్టం తిప్పకూడదు, చెట్లలో మనుషులుంటారు. ఇది మా పిల్లలకి అక్షరాల కంటే ముందు నేర్పిస్తారు.

టిల్లీ చాలా ఏళ్ళు ఆ నడక నడిచింది. ఇష్టంగానే నడిచింది. తర్వాత ఒక ఏడు అలోయిస్ ఉన్నట్టుండి, "నీ మోకాలు బాగాలేదు, నువ్వు సూప్ చూసుకో, ఈసారి నేను వెళ్తా" అన్నాడు. మోకాలు అంతకు ముందూ బాగాలేదు. అయినా ఆమె పట్టించుకోలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ అతనే వెళ్ళాడు. విచిత్రంగా తుపాకి కూడా పట్టుకెళ్ళేవాడు. తోలేవాళ్ళకి తుపాకెందుకంటే, నక్క కనపడితే కొడతానన్నాడు.

ఇంకో విచిత్రం ఉంది. నవంబరు వస్తే అలోయిస్‌కి పని పూనకం పట్టేది. ఊడిన గేట్లన్నీ బిగించేవాడు. నీళ్ళ పంపు గడ్డ కడితే ఎలా విప్పాలో ఆమెని పక్కన నిలబెట్టి మరీ నేర్పాడు. వేటకి ముందు శనివారం తప్పకుండా ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకుని వచ్చేవాడు.

"పాపం చేసే ఓపిక కూడా లేనివాడివి. గంట సేపు ఏం చెప్పావ్ ఆయనకి?" అనేది టిల్లీ.

"నావి అయిపోతే నీవి చెప్తున్నా. ఇంకా సగం కూడా కాలేదు" అనేవాడు.

కిందటి ఏప్రిల్‌లో, ఆవులు ఈనే రోజుల్లో, కొట్టంలో బకెట్టు బోర్లించి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. టిల్లీ ఏడ్చింది, పాతిపెట్టింది, మిగిలిన దూడల్ని తనే బయటికి లాగింది. అతని కోటూ టోపీ వంటింటి తలుపు పక్క మేకుకి ఉన్నాయి. వాటిని తియ్యలేదు. ఆ వేసవంతా ఆమెకి ఒక్కటే ఆసరా: ఊట ఉంది, గడ్డి ఉంది, ఆవులు బతుకుతాయి.

నవంబరులో గేలెన్, అతని భార్య మార్దెల్ వచ్చారు. పికప్ వాకిట్లో ఆగాక, నడిపే వైపు నుంచి మార్దెల్ దిగింది. టిల్లీ కిటికీలోంచి చూసి ఆశ్చర్యపోయింది. గేలెన్ తన బండిని పెళ్ళాం చేతికిచ్చే మనిషి కాదు. అతను తలుపు తోసుకుని లోపలికి వచ్చి, మేకుకున్న కోటు వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"టిల్లీ, వినగానే రాలేకపోయాను. అలోయిస్ లాంటి మనిషి మళ్ళీ పుట్టడు" అన్నాడు ఆ కోటుతో.

టిల్లీ పొయ్యి దగ్గర నుంచుని ఉంది. "ఇక్కడున్నా గేలెన్" అంది.

అతను గభాల్న తిరిగి నవ్వాడు. "వెలుతురులోంచి వచ్చాను కదా, కళ్ళు జిగేల్మంటున్నాయి."

బయట మబ్బు పట్టి ఉంది. వెలుతురన్నది లేదు. తర్వాత అతను కాఫీ పోసుకోవడం ఆమె చూసింది. కప్పులో వేలు పెట్టి, వేలికి వేడి తగిలాక పొయ్యడం ఆపాడు. మాటలు మాత్రం ఎప్పటిలాగే: ఎండ సంగతులు, బడి రోజులు, టిల్లీ అతని అన్నం డబ్బాలో కప్ప పెట్టిన సంగతి. ఆమె నవ్వింది, కానీ చూపు ఆ వేలి మీదే ఉంది.

అతను తుపాకి తుడుచుకోవడానికి వరండాలోకి వెళ్ళగానే ఆమె మార్దెల్ మోచెయ్యి పట్టుకుంది.

"మీ ఆయనకి కళ్ళు పోయాయి కదూ?"

మార్దెల్ ముందు తలుపు వైపు చూసింది. "పూర్తిగా కాదు. మధ్యలో పోయింది. అంచుల్లో కనపడుతుంది. కదిలేది ఏదో తెలుస్తుంది, ఏమిటన్నది తెలీదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగైదేళ్ళు అయ్యుంటుంది. మెల్లగా వచ్చింది."

"మరి ఏటా జింకని కొడుతూనే ఉన్నాడుగా!"

"అదే నాకూ అర్థం కాదు. ఆ ఒక్కటీ కొడతాడు. దాంతో తనకేం కాలేదనుకుంటాడు." మార్దెల్ గొంతు ఇంకా తగ్గించింది. "అలోయిస్‌కి మొదట్లోనే చెప్పాను టిల్లీ. దాచలేదు. నేను చూసుకుంటాలే అన్నాడు. నువ్వు ఆయన్ని ఏమీ అనకు, నీకు దండం పెడతా. వేట లేదని తెలిసిన రోజున ఈ భూమి అమ్మేస్తాడు. కొనడానికి మనుషులు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అమ్మితే నీ ఆవులు ఎక్కడికి పోతాయి?"

"రేపు చెట్లలో నడవాల్సింది నేను మార్దెల్."

మార్దెల్ అటు తిరిగింది. గిన్నె తీసుకుని కడగడం మొదలుపెట్టింది. ఆ గిన్నె కడిగిందే.

మా వాళ్ళ రోగం ఇదే. ఇల్లు తగలబడుతున్నా, పక్కింటాయన నొచ్చుకుంటాడేమోనని నెమ్మదిగా దగ్గుతాం. నీకు కళ్ళు కనపడవు అని ఒక మగాడి మొహాన అనడం కంటే, అతని తుపాకికి ఎదురు నడవడం తేలికనుకుంటాం. టిల్లీ కూడా ఆ మట్టిలో పుట్టిందే. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. అనాలనుకుంది. ఊట గుర్తొచ్చింది. అడకత్తెరలో పోకచెక్కలా అటూ ఇటూ నలిగి, అలోయిస్ ఎలా చూసుకున్నాడో అని ఆలోచించింది. అతనే గేలెన్ పక్కన నుంచుని "ఇప్పుడు కొట్టు" అని చెప్పి ఉంటాడు. కానీ మరి చెట్లలో నడిచిందెవరు? అది తేలలేదు.

తెల్లారాక అలోయిస్ నారింజ రంగు చొక్కా తన కోటు మీద తొడుక్కుంది. అది మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ రంగు దూరం నుంచి కనపడాలని తొడుక్కుంటారు. కనపడని వాడికి ఏ రంగైతేనేం! గేలెన్‌ని తూర్పు చివర కుర్చీలో కూర్చోబెట్టి, మార్దెల్ పికప్‌లోకి వెళ్ళి అద్దాలు ఎత్తుకుంది.

"చెట్ల వైపు తిప్పకు గేలెన్" అంది టిల్లీ.

"నాకు నేర్పుతున్నావా? మా తాత నాటిన చెట్లివి" అన్నాడు నవ్వుతూ. మాట్లాడేటప్పుడు అతని చూపు ఆమె భుజం పక్కగా ఎక్కడికో పోతోంది.

ఆమె చుట్టు తిరిగి పడమటి చివరకి వెళ్ళి చెట్లలోకి దూరింది. కర్రతో మొదటి మాను మీద తట్టింది. ఎన్నో ఏళ్ళు ఈ చప్పుడు చేస్తూ పాటలు పాడుకుంటూ నడిచింది ఇదే చోట. ఇప్పుడు అడుగు ముందుకి పడాలంటే ఒక్కో మానునీ చేత్తో పట్టుకోవాల్సి వస్తోంది. గాలికి ఎండుకొమ్మ విరిగితే తలకాయ రెండు చేతులతో కప్పుకుంది. ఎవరైనా చూస్తే పరువు పోయేది. కోడెకీ, పాముకీ భయపడనిదానికి ఇదేమిటని తనని తనే తిట్టుకుంది. కోడెకి కళ్ళుంటాయి. పాము గిలక కొట్టి చెప్తుంది.

సగం దూరం వెళ్ళాక ఒక యాష్ చెట్టు బెరడు మీద గుండ్రటి గాయం కనపడింది. పాతది. చుట్టూ బెరడు పెదవిలా మడుచుకుని మానుతోంది. అందులో వేలు పెడితే సగం దాకా పోయింది. పక్క చెట్టుకి ఇంకొకటి ఉంది, దానికంటే కొత్తది. దాని అవతల ఇంకొకటి. అన్నీ తూర్పు వైపు నుంచి వచ్చినవే. అన్నీ ఆమె నుదురు ఎత్తులో ఉన్నాయి. అంటే పొడుగాటి మనిషికి గుండె ఎత్తులో.

అలోయిస్ పొడుగాటి మనిషి.

సరిగ్గా అప్పుడే ముందర పొదలో జింకలు లేచాయి. బూడిద రంగు వీపులు, తెల్ల తోకలు, కొమ్మలు విరుగుతున్న చప్పుడు. చెట్ల సందులో కదిలిన ప్రతిదీ తూర్పు చివర నుంచి ఎలా కనపడుతుందో ఆమెకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. కదిలేది ఏదో తెలుస్తుంది, ఏమిటన్నది తెలీదు. పక్కనే, ఎప్పుడో పొలంలోంచి ఏరి పోసిన రాళ్ళ గుట్ట ఉంది. దాని వెనక పడిపోయింది.

తుపాకి పేలింది. తల పైన కొమ్మ ముక్కలై మీద రాలింది. మళ్ళీ పేలింది. ఆ గుండు రాయికి తగిలి గీపెడుతూ పోయింది. టిల్లీ మొహం మట్టిలో పెట్టి, దేవుడి పేరు గుర్తురాక అలోయిస్ పేరు పిలిచింది.

కాసేపటికి గాలి తప్ప ఇంకేమీ వినపడలేదు. లేవడానికి చెయ్యి ఊనితే అరచేతికి గరుగ్గా ఏదో తగిలింది. చూస్తే పొద్దుతిరుగుడు గింజల పొట్టు. రాళ్ళ కింద, వాన తగలని సందులో గుప్పెళ్ళ కొద్దీ ఉంది. మా వైపు ముసలాళ్ళందరూ నమిలేదే గానీ, అలోయిస్ మామూలుగా నమిలేవాడు కాదు. ఆసుపత్రి బయట కూర్చున్నప్పుడు నమిలేవాడు. వడగళ్ళ మబ్బు కమ్ముకొస్తే నమిలేవాడు. భయం పుడితే అతని చెయ్యి జేబులోకి పోయేది. పొట్టు మధ్యలో అతని తుపాకివి ఖాళీ తూటా గొట్టాలు కూడా ఉన్నాయి, చిలుము పట్టి.

అంతా తెలిసిపోయింది టిల్లీకి. ఇక్కడి దాకా తడుతూ వచ్చేవాడు. ఇక్కడ కూర్చుని, వణుకుతూ గింజలు నములుతూ, గేలెన్ పేల్చేదాకా ఆగేవాడు. ఆ చప్పుడులోనే, బెదిరి పక్క చేలోకి దూకే జింకని తన తుపాకితో పడగొట్టేవాడు. పడ్డాక లేచి బయటికి వెళ్ళి, "భలే కొట్టావ్ గేలెన్" అనేవాడు. ఇంటికొచ్చి సూప్ తాగి, ఊట మనదే టిల్లీ అని చెప్పేవాడు. ఉరుముకి భయపడే మనిషి. ఏటా పాపాలు చెప్పుకుని, గేట్లు బిగించి, పెళ్ళానికి పంపు విప్పడం నేర్పి మరీ వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. ఆమెకి చెప్తే తనే నడుస్తానంటుందని చెప్పలేదు.

"టిల్లీ!" గేలెన్ గట్టిగా అరిచాడు. "తగిలిందా?"

తగిలిందనో, కొంచెంలో తప్పిందనో అంటే సాయంత్రం ఊట మాట వస్తుంది. నోటి చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టింది.

"టిల్లీ? ఏమైనా పడిందా?"

ఆమె పలకలేదు.

"టిల్లీ!" ఈసారి గొంతు వేరుగా ఉంది. "ఎక్కడున్నావ్? టిల్లీ! ఓ దేవుడా... మార్దెల్! మార్దెల్, ఇలా రా!"

పడనీ అనుకుంది టిల్లీ. కాసేపు భయపడనీ. మా ఆయన ఇన్నేళ్ళు పడ్డాడు. పొట్టు గుప్పిట్లోకి తీసుకుని, కావాలనే నెమ్మదిగా లేచింది. చెట్లలోంచి బయటికి వచ్చేసరికి గేలెన్ తుపాకి పారేసి, చేతులు ముందుకి చాపి చేలో తడబడుతూ వస్తున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"బతికే ఉన్నా" అంది.

"మరి పలకవేం! నా ప్రాణం పోయింది."

"నీకు కళ్ళు కనపడవు గేలెన్."

"కనపడతాయి. మధ్యలో మసకే గానీ అంచుల్లో..."

"ఆ అంచుల్లో ఉన్నది నేను."

"అలోయిస్ ఎప్పుడూ ఏమీ అనలేదే" అన్నాడు చిన్నగా. "సగం దూరం తోలి కంచె సందులోంచి బయటికి వెళ్ళిపోతాననేవాడు. నువ్వు నిశ్చింతగా కొట్టుకో అనేవాడు. చెట్లలో ఎవరూ ఉండరనే అనుకున్నాను టిల్లీ. నువ్వూ అలాగే వెళ్తావనుకున్నాను."

"అక్కడ కంచెకి సందు లేదు. ఎప్పుడూ లేదు." ఆమె అతని చెయ్యి లాగి, అరచేతిలో ఆ పొట్టు పోసింది. "ఇవేమిటో చెప్పు."

కళ్ళతో పనిలేకుండా వేళ్ళతో నలిపి చూశాడు. తెలిసింది. మా వైపు పుట్టినవాడికి అది తెలియకపోదు.

"రాళ్ళ గుట్ట వెనక ఉన్నాయి. అక్కడ కూర్చునేవాడు, నీ గుళ్ళ కింద. నీ జింకల్ని కొట్టింది ఆయనే. నువ్వు కాదు."

ఇది అనక్కర్లేదేమో. కానీ అనేసింది, అన్నందుకు తర్వాత ఎప్పుడూ నొచ్చుకోలేదు. గేలెన్ ఆ పొట్టు కింద పొయ్యకుండా గుప్పిట మూసుకుని, కోసిన చేలో అలాగే కూలబడి ఏడ్చాడు. మార్దెల్ పరిగెత్తుకుంటూ వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. టిల్లీ తుపాకి తీసి, తూటాలు విప్పి మార్దెల్ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం సూప్ ఎవరూ తాగలేదు. ఊట మాట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు గేలెన్ బండి ఎక్కబోతూ ఆమె వైపు తిరిగాడు. ఈసారి సరిగ్గానే తిరిగాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు.

వసంతంలో భూమి అమ్ముడుపోయింది. మార్దెల్ ముందే చెప్పినట్టే జరిగింది. టిల్లీ సగం ఆవుల్ని అమ్మేసి, మిగతా సగానికి ఎత్తు మీదికి నీళ్ళు మోసింది. కొన్నవాడెవరో ఆమెకి తెలియదు. ఇల్లినాయిలో ఉంటాడని మాత్రం విన్నది. అడిగితే ఊట దగ్గరికి మళ్ళీ ఆవుల్ని రానిస్తాడేమోనని ఆశ పెట్టుకుంది. ఏం అడగాలో, ఎలా అడగాలో పాలు పితుకుతూ పైకే అనుకునేది.

ఆకులు రాలే రోజుల్లో అతనే ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. మొదటిసారి సొంత భూమి మీద వేటకి వస్తున్నాననీ, కొడుకులు కూడా వస్తారనీ సంబరంగా చెప్పాడు.

"ఆ చెట్ల కట్టులో జింకలు బాగా ఉంటాయని విన్నానండి. లోపల నడిచి తోలిపెట్టడానికి అక్కడ ఎవరైనా ఉన్నారా?"

టిల్లీ తలుపు పక్క మేకుకున్న కోటు వైపు చూసింది.

"ఒకాయన ఉండేవాడు. చచ్చేంత భయపడుతూ నడిచేవాడు. నాకు తెలియనివ్వలేదు" అంది. "ఇప్పుడు ఎవరూ లేరు" అని ఫోన్ పెట్టేసింది.

పెట్టేశాక గానీ ఊట సంగతి అడగలేదని గుర్తు రాలేదు. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. బకెట్లు తీసుకుని ఎత్తు మీదికి బయల్దేరింది.